వన్స్‌మోర్ లేని కాపీ

అన్నవరం కొండ మీద వ్రతం చేసుకుని దిగుతున్న కుక్కుటేశ్వరరావు గారికి కొండ కింద, కొబ్బరికాయల కొట్టు పక్కన, పరిచిన గోనెపట్టా మీద తన నాటకం కనిపించింది. తను డబ్బు పెట్టి, మూడు కెమెరాలు పెట్టించి తీయించిన నాటకం. డిస్కుల అట్ట మీద బొమ్మ అదే, అక్షరాలు అవే. అసలుదని జనానికి నమ్మకం కలగడానికి ఆయన ప్రత్యేకంగా చేయించిన మెరుపు స్టిక్కరు కూడా ఉంది. ఆ మాటకొస్తే దొంగవాడి స్టిక్కరే ఇంకాస్త బాగా మెరుస్తోంది. ఆయన ఒక సెట్టు కొన్నారు. తన సొత్తు తనే కొనుక్కుని, కారులో రాజమండ్రి చేరారు.

మర్నాడు పొద్దున్నే ఆ సెట్టును తీసుకొచ్చి పావని ముందు, కంప్యూటరు బల్ల మీద పడేశారు. మెయిన్‌రోడ్డులో ఆయనది స్టీలు పాత్రల కొట్టు. కొట్టు మీద మేడగదిలో రెండు కంప్యూటర్లు, టేపులు పెట్టే బీరువా, ఒక ఏసీ ఉన్నాయి. పాత్రల మీద వచ్చిన డబ్బు పౌరాణిక నాటకాల మీద పోస్తున్నాడని బంధువులు ఆయన్ని ఆడిపోసుకునే గది అదే. కెమెరా టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కత్తిరించి, మూడేసి వీసీడీల సెట్టుగా తయారుచేసే పని పావనిది. పెళ్లి వీడియోల్లో గులాబీ పువ్వులు తిప్పుతూ నేర్చుకున్న చెయ్యి, పద్యాల దగ్గరికి వచ్చేసరికి తీరుగా కుదురుకుంది.

దొంగ కాపీల మీద వాళ్లిద్దరూ చేయని ప్రయోగం లేదు. కాపీ చేయబోతే ఆగిపోయే సాఫ్ట్‌వేరు ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించారు. దొంగవాడి సిస్టంలో డిస్కు చక్కగా ఆడింది, కొన్నవాళ్ల ఇళ్లలో ప్లేయర్లే మొరాయించాయి. తెర మూలన కంపెనీ గుర్తు వేశారు. దాని మీద దొంగవాడు పెద్ద తామరపువ్వు వేసి కప్పేశాడు. పువ్వు బాగుందని కూడా ఎవరో అన్నారు.

ఈసారి ఆయన గొంతులో కోపం లేదు. అదే పావనిని భయపెట్టింది. "అమ్మాయ్, ఇప్పుడు నువ్వు కత్తిరిస్తున్న ముసలిరాజు నాటకం కూడా ఇలాగే పోతే ఇంక నావల్ల కాదు. ఈ గదిలో ప్రెషర్ కుక్కర్లు పెట్టుకుంటాను" అన్నారు. ముసలిరాజు వేషం జగన్నాథరావు గారిది. అది నిలబడితే వచ్చే నెలలోనే ఆయన చేత బైరాగి వేషం కూడా తీయించాలని అనుకున్నారు. జగన్నాథరావు గారికి అరవై దాటాయి. బైరాగి పద్యాలు ఆ శ్రుతిలో పాడగలిగినవాళ్లు రెండు జిల్లాల్లో వేరే ఎవరూ లేరు, ఆ గొంతు కూడా ఇంకెన్నాళ్లుంటుందో తెలియదు. అంచేత మేడగది మూతపడితే పోయేది పావని జీతం ఒక్కటే కాదు.

ఏదైనా ఎందుకలా అయిందో తెలియకపోతే పావనికి అన్నం సయించదు. దొంగని ఆపడం ఎలాగా అని ఇన్నాళ్లూ తల బద్దలుకొట్టుకున్నాం గాని, దొంగకి కాపీ ఎక్కడినుంచి అందుతోందో ఎప్పుడైనా చూశామా అని ఆలోచించింది. విడుదలకి ముందు ముగ్గురు డీలర్లకి ఒక్కో సెట్టు పంపడం ఆనవాయితీ. వాళ్లు చూసి సరుకు ఎంత కావాలో చెబుతారు. రావులపాలెంలో చిట్టియ్య, అమలాపురంలో బుల్లిరాజు, తణుకులో సామ్యేలు. ముగ్గురికీ ఒకే కాపీ వెళ్తుంది కాబట్టి బయటపడ్డది ఎవరిదో తేలదు. మూడూ మూడు రకాలుగా ఉంటే తేలుతుంది. కానీ ఆ తేడా తామరపువ్వుతో కప్పలేనిదై ఉండాలి, చూసేవాడికి అసలు తేడాగానే అనిపించకూడదు.

ఆ సమయానికి కంప్యూటరు మీద ముసలిరాజు సింహాసనం దిగుతున్నాడు.

నాటకంలో గుండెకాయ ఆ పద్యం. కొడుకుల కలహం చూడలేక రాజు కిరీటం తీసి గద్దె మీద పెట్టి, మెట్లు దిగుతూ పాడతాడు. గోదావరి జిల్లాల్లో పద్యం బాగుంటే జనం చప్పట్లతో సరిపెట్టరు. వన్స్‌మోర్ అంటారు. అంటే నటుడు మళ్లీ పాడాల్సిందే. చచ్చిపడున్న పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిన సందర్భాలు కూడా లేకపోలేదు. ఈ నాటకం కెమెరాలతో తీసిన వేళ జగన్నాథరావు గారి సొంత ఊళ్లో, చెరువుగట్టు పందిట్లో, సింహాసనం పద్యానికి మూడుసార్లు వన్స్‌మోర్ పడింది. మూడుసార్లూ ఆయన మెట్లెక్కి, కిరీటం పెట్టుకుని, మళ్లీ తీసి దిగారు. డిస్కులో చోటు చాలక పావని ఎలాగూ కొన్ని వన్స్‌మోర్లు తీసేస్తూనే ఉంటుంది. ఎన్ని ఉంచిందో ఎవరు చూడొచ్చారు?

రావులపాలెం కాపీలో మూడూ ఉంచింది. అమలాపురానికి రెండు, తణుకుకి ఒకటి. కుక్కుటేశ్వరరావు గారికి చెబితే ఆయన కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వారు. కొండ దిగాక ఆయన నవ్వడం అదే మొదలు.

అప్పుడు పావని జగన్నాథరావు గారి సంగతి ఎత్తింది. ఆయన కిందటివారం వచ్చినప్పుడు, చెప్పాలా వద్దా అన్నట్టు గుమ్మం దగ్గర ఆగి, తనకీ ఒక కాపీ ఇప్పిస్తావా అని అడిగారు. తన వేషం తను ఎన్నడూ చూసుకోలేదట, పాడేవాడికి అది కుదరదు కదా అన్నారు. కుక్కుటేశ్వరరావు గారు వెంటనే అడ్డంగా తలూపారు. విడుదలకి ముందు ఎవరికీ ఇవ్వడం లేదన్నారు.

"గొంతు ఆయనది కదండీ" అంది పావని.

ఆయన చివరికి సరే ఇవ్వమన్నారు. అయితే దానికీ గుర్తు పెట్టాల్సిందే, ఎవరి బుద్ధి ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం అన్నారు. మూడు, రెండు, ఒకటి అయిపోయాయి. మిగిలింది సున్నా. పాడినవాడికి లెక్క తెలియదా, ఆయనకి ప్రత్యేకంగా చూపించాలా అనుకుంది పావని. పద్యం చివర రాజు తల వంచుతాడు. ఆ వంచిన తల మీద ఒక్క క్షణం నిలిపి, వెంటనే తెర పడేటప్పటి హార్మోనియం కలిపింది. అతుకు గుడ్డివాడి చేతికి కూడా తగలదు. తన పని చూసుకుని తనే మురిసిపోయింది.

కాపీలు వెళ్లిన మూడో రోజు నుంచి ఫోను మోగడం మొదలైంది. మొదట అమలాపురం బుల్లిరాజు. రావులపాలెం చిట్టియ్యతో మాటల్లో వచ్చిందట, వాళ్ల కాపీలో సింహాసనం పద్యానికి మూడు వన్స్‌మోర్లు ఉన్నాయట, తమ కాపీలో రెండే ఉన్నాయట. "రావులపాలెం దాటితే తక్కువైపోయామాండి మేము?" అని అడిగాడు. పావని తప్పు కంప్యూటరు మీదకి తోసేసి, అసలు సెట్టులో సరిచేస్తామని చెప్పి పెట్టేసింది. మధ్యాహ్నం తణుకు సామ్యేలు చేశాడు. అతను పోట్లాడలేదు. ఆ వేళ పందిట్లో తనూ ఉన్నానని, అరిచినవాళ్లలో తనూ ఒకడినని, తన అరుపు ఉన్న ముక్కే పోయిందని బాధపడ్డాడు.

పావని తనని తనే తిట్టుకుంది. ఎవరి కంటా పడదని ఏరికోరి గుర్తు దాచిన చోటే ఈ దేశంలో అందరి కళ్లూ ఉంటాయని తనకెందుకు తట్టలేదు? జగన్నాథరావు గారి దగ్గర్నుంచి మాత్రం ఏ కబురూ లేదు. ఆయనకి ఫోను లేదు కాబట్టి అది వింతగా తోచలేదు.

వారం తిరక్కుండా కుక్కుటేశ్వరరావు గారు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చారు. చేతిలో ముసలిరాజు నాటకం. ఇంకా విడుదల కాని నాటకం, రావులపాలెం బస్టాండులో దొరికింది. పావని డిస్కు పెట్టి పద్యం దగ్గరికి జరిపింది. ఇద్దరూ విన్నారు. కిరీటం గద్దె మీద పెట్టిన చప్పుడు, మెట్లు, ఆఖరి రాగం, వంచిన తల. వెంటనే హార్మోనియం.

"ఎవరిది?" అన్నారాయన.

చెప్పకుండా ఉంటే బాగుండునని పావనికి అనిపించింది. కానీ ఆ లెక్క పెట్టింది తనే. "జగన్నాథరావు గారిదండి" అంది.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. పద్యం పాడినవాడే అమ్ముకున్నాడన్నమాట అన్నారు. ఎంత నమ్మాను, బంధువుల చేత ఎన్ని మాటలు పడ్డాను అన్నారు. బైరాగి వేషం లేదు, ఏమీ లేదు, ఈ సంగతి నాటక సమాజాలన్నిటికీ తెలియాల్సిందే, ఇంక ఎవరూ ఆయన్ని స్టేజీ ఎక్కించకూడదు అన్నారు. పావనికి ఒక్కటే అర్థం కాలేదు. కాపీ కావాలని అడగడానికే అంత మొహమాటపడ్డ మనిషి దాన్ని బస్టాండుకి ఎలా చేర్చాడు? ఎవరికీ ఏమీ చెప్పొద్దని, రేపొక్కరోజు తనకిమ్మని బతిమాలింది. వెళ్లి ఏం అడుగుతావు, అమ్మారా అంటే అమ్మానంటాడా అని ఆయన విసుక్కున్నారు గాని, వద్దనలేదు.

ద్రాక్షారామం దాటాక బస్సు దిగి కాలవగట్టు వెంబడి నడిస్తే జగన్నాథరావు గారి ఇల్లు. ఊడ్పుల రోజులు. దమ్ము చేసిన చేలల్లోంచి కొంగలు లేస్తున్నాయి. వాకిట్లో ఆయన భార్య సంపూర్ణమ్మ చేటలో విత్తనపు మినుములు చెరుగుతోంది. పావనిని గుర్తుపట్టి, లోపలికి రమ్మని, మజ్జిగ తేవడానికి లేచింది. నడవలో హార్మోనియం మూసి ఉంది. దాని మీద తువ్వాలు, తువ్వాలు మీద మడతపెట్టిన బట్టలు.

"వారం నుంచి ఈయన నోరు విప్పి శ్రుతి కలపలేదమ్మా" అంది సంపూర్ణమ్మ, గ్లాసు చేతికిస్తూ. "మిరియాల పాలు పెడితే తాగకుండా వదిలేస్తున్నారు. బైరాగి వేషం వద్దని మీ అయ్యగారికి కబురు పెడతానంటున్నారు."

జగన్నాథరావు గారు పెరట్లోంచి కాళ్లు కడుక్కుని వచ్చారు. దొంగతనం చేసినవాడి మొహంలో ఏం ఉంటుందో పావనికి తెలియదు గాని, ఆ మొహంలో ఉన్నది అది కాదు. ఎప్పటిలాగే ఆప్యాయంగా పలకరించి, ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు. డిస్కులు ఎక్కడున్నాయని పావని అడిగింది. ఆయన దాచలేదు.

"కేబుల్ వాళ్ల దగ్గరున్నాయమ్మాయ్. పెద్దిరాజు గారు వేయించారు" అన్నారు.

పెద్దిరాజు ఊళ్లో నాటకం వేయించిన పెద్దమనిషి. ఆయనకి డిస్కుతో ఏం పని అని పావని అడిగేలోగా, జగన్నాథరావు గారే కండువా అంచు మడతపెడుతూ మెల్లగా అడిగారు. ఆ వేళ నువ్వు కెమెరాల పక్కనే ఉన్నావు కదా, సింహాసనం పద్యానికి వన్స్‌మోర్ పడిందా అని.

"పడిందండి" అంది పావని.

ఆయన నవ్వారు. "నువ్వూ అంతే అంటావా" అన్నారు.

అప్పుడు ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. డిస్కు రాగానే పెద్దిరాజు గారింట్లో పెట్టించుకుని చూశారు. మిగతావాళ్ల పద్యాలకి వన్స్‌మోర్లు ఎక్కడివక్కడ ఉన్నాయి. రాణి వేషానికి ఉంది, మంత్రి వేషానికి కూడా ఉంది. తన పద్యం అయిపోగానే హార్మోనియం వచ్చేసింది. జనం అడిగినట్టు, తను మళ్లీ మెట్లెక్కినట్టు గుర్తుంది. కానీ వయసైపోయాక మనిషికి తను వినాలనుకున్నదే వినిపిస్తుందేమోనని అనుమానం వచ్చింది. పెద్దిరాజు గారిని అడిగితే నేనే అరిచానయ్యా అన్నారు. మంగలి తనూ అడిగానన్నాడు. పక్కింటివాళ్లూ అన్నారు. డిస్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే చూడలేక పెద్దిరాజు గారే, ఒకసారి కేబుల్లో వేయిస్తే ఊరంతా చూసి చెబుతుంది కదా అని తీసుకెళ్లారు. ఊరంతా చూసింది. పడిందనే చెప్పింది.

"మరి ఇంకేమండీ?" అంది పావని.

"మనుషులు నా మొహం చూసి చెబుతారమ్మాయ్. మిషనుకి నా దగ్గర మొహమాటం ఏముంటుంది?" అన్నారాయన.

డిస్కు బస్టాండుకి ఎలా చేరిందో ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కేబుల్ గదిలో ఒక్క పూట ఉన్న డిస్కుకి ఎన్ని కాపీలు పుడతాయో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. దొంగని పట్టుకోవడానికి తను కోసిన ముక్కే ఈయన్ని ఇల్లిల్లూ తిప్పింది. ఆ ముక్క కోయకపోతే డిస్కు ఈ ఇల్లు దాటేదే కాదు.

"మిషను చెప్పలేదండి బాబాయిగారూ. నేను చెప్పించాను" అంది.

మొత్తం చెప్పేసింది. మూడు, రెండు, ఒకటి, సున్నా. డీలర్ల సంగతి, బస్టాండు సంగతి. సంపూర్ణమ్మ చేట కింద పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జగన్నాథరావు గారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అంతా విన్నాక ఒక్క మాట అడిగారు.

"అంటే నా కాపీకి గుర్తు, ఎవరూ అడగకపోవడమా?"

"అవునండి."

ఆయన తిడితే బాగుండునని పావని ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు. అతుకు తెలియకుండా ఎలా కలిపావని అడిగారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. వంచిన తల దగ్గర ఆపి, తెర పడే హార్మోనియం తెచ్చి కలిపానని పావని చెప్పింది. అలాగా, అక్కడ తల వంచడం నేను సొంతంగా పెట్టుకున్నదేలే అన్నారు. తరవాత, బాగా చేశావమ్మాయ్, పాడినవాణ్ణి నేనే నమ్మాను కదా అన్నారు. సంపూర్ణమ్మ లోపలికి వెళ్లిపోయింది. రేపొకసారి రాజమండ్రి వచ్చి అసలు టేపు చూడమని పావని ఆయన్ని వేడుకుని, ఒప్పించి బస్సెక్కింది.

ఆ సాయంత్రమే కుక్కుటేశ్వరరావు గారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. తప్పు జగన్నాథరావు గారిది కాదని, తన కత్తెరదని, ఉద్యోగం తీసేసినా తనకి అభ్యంతరం లేదని చెప్పింది. ఆయన ఎవరిని తిట్టాలో తెలియక తికమకపడి, చివరికి ఏసీ ఎందుకంత చల్లగా పెట్టావని పావనిని కేకలేసి కిందకి వెళ్లిపోయారు.

తెల్లారాక లోకం ఇంకో రకంగా ఉంది. రావులపాలెం చిట్టియ్య ఫోను చేశాడు. బస్టాండులో దొంగ సెట్టు కొన్నవాళ్లు తిరిగొచ్చి కొట్టువాడితో గొడవ పడుతున్నారట. సింహాసనం పద్యానికి వన్స్‌మోరే లేకపోతే అదేం నాటకం, మాయదారి సరుకు అంటగడతావా అని డబ్బు వెనక్కి లాక్కుంటున్నారట. అసలు సెట్టు ఎప్పుడొస్తుందని తన కొట్టుకి వచ్చి అడుగుతున్నారట, చెప్పిన సరుకు చాలదట, రెట్టింపు కావాలట. అమలాపురం నుంచీ అదే మాట వచ్చింది. జగన్నాథరావు గారు మేడ మెట్లెక్కేసరికి కుక్కుటేశ్వరరావు గారు ఎదురెళ్లి చేతులు పట్టుకుని తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టారు. టీ తెప్పించారు. అనుమానపడ్డందుకు ఏమీ అనుకోవద్దన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

పావని కెమెరా టేపు పెట్టింది. కోత పడని టేపు. తెర మీద రాజు దిగాడు. పందిరి ఒక్కసారి హోరెత్తింది. వన్స్‌మోర్. రాజు మెట్లెక్కాడు. జగన్నాథరావు గారు ముందుకి వంగి, తెర మీద తనని కాకుండా జనాన్ని చూస్తున్నారు. ముందు వరసలో పెద్దిరాజు లేచి నిలబడి కండువా ఊపుతున్నాడు. రెండోసారి అడిగారు, మూడోసారి అడిగారు. కుర్చీలో జగన్నాథరావు గారి పెదవులు పద్యంతో పాటు కదిలాయి. పావనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పోగొట్టినదాన్ని తిరిగి ఇవ్వగలిగానని ఎంత సంతోషించిందో చెప్పలేం.

కుక్కుటేశ్వరరావు గారి సంతోషం వేరు. ఆయన బుర్ర అప్పటికే నాలుగు నెలలు ముందుకెళ్లిపోయింది. ఇంతకాలానికి దొంగలకి మందు దొరికిందన్నారు. ఇకమీదట ముందుగా పంపే కాపీలన్నిట్లోనూ వన్స్‌మోర్లన్నీ కోసేద్దాం, ఎవడెత్తుకుపోయినా అమ్ముకోలేడు అన్నారు. "మీ పద్యమే దారి చూపించిందండి. బైరాగి వేషం వచ్చే నెలలోనే. మీకిచ్చే కాపీ మాత్రం కోత లేకుండా, మొట్టమొదట మీకే" అన్నారు.

జగన్నాథరావు గారు టీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"బైరాగి పాడతానండి" అన్నారు. "నాకు కాపీ మాత్రం వద్దు."

కోయకుండా ఇస్తామండి అని కుక్కుటేశ్వరరావు గారు మళ్లీ చెప్పారు. ఆయన వినలేదేమో అనుకున్నారు పాపం. కావాలంటే పావని చేత ఎదురుగానే చేయిస్తానన్నారు.

"మీరు అసలుదే ఇస్తారండి, నాకు తెలుసు. కానీ అది పెట్టుకుని ఎన్ని పడ్డాయో చూస్తూ కూర్చుంటాను. నలభై ఏళ్లు పాడానండి, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నిన్నగాక మొన్న మొదలైంది నాకీ జబ్బు" అన్నారు జగన్నాథరావు గారు. తరవాత పావని వైపు తిరిగి, తప్పు పట్టే గొంతుతో కాకుండా, పెద్దవాళ్లు పిల్లల్ని అడిగినట్టు అడిగారు. "ఇందాక మూడు వచ్చాయి కదమ్మాయ్?"

"మూడండి" అంది పావని.

ఆయన తలూపి, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.